గస్తీ పెంచమని అడిగే ముందు

ఏ నగరంలోనైనా దొంగతనాలు పెరిగాయనో, ఫలానా వీధిలో చీకటి పడ్డాక తిరగలేకపోతున్నామనో గొడవ మొదలైతే పాలకమండలి ఒక కమిటీ వేస్తుంది. భద్రతా కమిటీ, పౌర రక్షణ సంఘం, పేరు ఏదైతేనేం. కొందరు నగర ప్రతినిధులు, ఒకరిద్దరు పోలీసు అధికారులు, నివాసుల సంఘాల పెద్దలు, వ్యాపారుల తరఫున ఒకరు అందులో ఉంటారు. మొదటి మీటింగ్‌లోనే మూడు డిమాండ్లు వస్తాయి. గస్తీ పెంచాలి. కెమెరాలు పెట్టాలి. వీధి మొదట్లో గేటు కట్టాలి. అలాంటి ఒక కమిటీలో కొంతకాలంగా నేనూ కూర్చుంటున్నాను. ఈ మూడూ అడిగేవాళ్లని తప్పుపట్టను. ఇంట్లో దొంగలు పడ్డాక ఆ ఇంట్లో నిద్ర ఎలా పడుతుందో వాళ్లకి తెలుసు. పిల్లలు ట్యూషన్ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే వచ్చే టెన్షన్ తెలుసు.

అయినా సరే, కమిటీ కాలమంతా ఈ మూడు డిమాండ్ల చుట్టూనే గడిచిపోతే నేరాలు తగ్గవని నా నమ్మకం. నేరం నగరమంతా సమానంగా పరుచుకుని ఉండదు. కొద్ది చోట్ల, కొద్ది ఇళ్ల మీద, కొద్దిమంది మీద మళ్లీ మళ్లీ పడుతుంది. కమిటీ ఆ కొద్ది చోట్లని పట్టుకోవాలి. ఒక్కోదాన్ని సరిచేసేదాకా వదలకూడదు. నగరమంతటికీ వర్తించే పెద్ద పథకాలు తర్వాత చూసుకోవచ్చు.

ముందు గస్తీ సంగతి చూద్దాం, అందరికీ దాని మీదే గురి. 1972 అక్టోబరులో అమెరికాలోని కాన్సస్ సిటీ పోలీసులు చాలా ధైర్యమైన పని ఒకటి చేశారు. నగరంలో ఒక భాగంలో ఉన్న 15 బీట్లని, అంటే గస్తీ కోసం విడదీసిన చిన్న చిన్న ప్రాంతాలని, మూడు వాటాలు వేశారు. మొదటి అయిదు బీట్లలో మామూలు గస్తీ పూర్తిగా ఆపేశారు. ఎవరైనా ఫోన్ చేసి పిలిస్తేనే పోలీసు కారు లోపలికి వెళ్తుంది. రెండో అయిదింటిలో గస్తీ రెండు మూడు రెట్లు పెంచారు. మిగిలిన అయిదూ ఎప్పటిలాగే ఉన్నాయి. దాదాపు ఏడాది నడిపి లెక్కలు తీస్తే, దొంగతనాల్లోగానీ, దోపిడీల్లోగానీ, జనం భయంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంకా విచిత్రం, తమ వీధిలో గస్తీ ఆగిందనో పెరిగిందనో అక్కడుంటున్న వాళ్లకే పెద్దగా తెలియలేదు.

దీన్నిబట్టి పోలీసులు ఉన్నా లేకపోయినా ఒకటే అనుకుంటే పొరపాటు. కారు ఊరికే తిరుగుతూ ఉంటే ప్రయోజనం లేదని మాత్రమే ఆ ప్రయోగం చెప్పింది. ఎక్కడ తిరగాలన్న ప్రశ్నకి అమెరికాలోనే మరో ఊరు జవాబిచ్చింది. మినియాపోలిస్‌లో ఒక ఏడాదిలో పోలీసులకి వచ్చిన ఫోన్లన్నీ చిరునామాల వారీగా లెక్కేస్తే, సగం ఫోన్లు సుమారు 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయని తేలింది. ఈ పరిశోధన 1989లో వెలువడింది. తర్వాత సియాటిల్‌లో 14 ఏళ్ల రికార్డులు తిరగేస్తే అక్కడా అదే కథ. ఒక కూడలి నుంచి తర్వాతి కూడలి దాకా ఉండే వీధి ముక్కని ఒకటిగా తీసుకుంటే, అలాంటి ముక్కల్లో దాదాపు 5 శాతంలోనే నగరంలోని సగం నేరాలు జరుగుతున్నాయి. ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు అక్కడ అని మారడం కూడా తక్కువే. అవే మూలలు, అవే సందులు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ అంకె వెనకున్న రెండో సగం. చెడ్డపేరు మోసిన పేటల్లో కూడా ఎక్కువ వీధులు ప్రశాంతంగానే ఉంటాయి. మీటింగుల్లో 'ఆ ఏరియా అంతే', 'ఆ ఏరియా వాళ్లంతా అంతే' అని వినిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ వందల కుటుంబాలు ఎవరి పని వాళ్లు చేసుకుని బతుకుతుంటాయి. రెండు మూలల్లో జరిగేదానికి పేట మొత్తానికీ మచ్చ. ఆ మచ్చ వల్ల అక్కడి కుర్రాడికి ఉద్యోగం దొరకదు, అద్దె ఇల్లు దొరకదు.

సరే, ఆ కొద్ది చోట్లకే పోలీసుల్ని పంపితే? ఫలితం ఉంటుంది. 2009 వేసవిలో ఫిలడెల్ఫియాలో హింస ఎక్కువగా ఉన్న 60 చోట్ల కొత్త కానిస్టేబుళ్లని కాలినడకన తిప్పారు. అలా తిప్పని చోట్లతో పోలిస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. మినియాపోలిస్ ప్రయోగాల్లో ఇంకో మంచి విషయం బయటపడింది. పోలీసు ఒకచోట రోజంతా పాతుకుపోయి ఉండక్కర్లేదు. ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు ఆగి, కనబడి, మాట్లాడి వెళ్తే వెళ్లాక కూడా కాసేపు ఆ చోటు సద్దుమణిగి ఉంటుంది. బాగానే ఉంది. కానీ ఫిలడెల్ఫియాలో కాలినడక గస్తీ ఆపేశాక ఆ లాభం నిలవలేదు. నిలవదు కూడా. ఆ మూల ఎలా ఉండేదో అలాగే ఉంది కదా. కమిటీ పని ఇక్కడే మొదలవుతుందని నేనంటాను. పోలీసు కొంతకాలం ఊపిరి పీల్చుకునే వీలు కల్పిస్తాడు, ఆ లోపు ఆ మూలని మార్చాల్సింది మనం.

మా కమిటీలో ఒక బస్ స్టాప్ గురించి చర్చ వచ్చింది. సాయంత్రం దాటాక అక్కడ సంచులు లాక్కుపోతున్నారని మహిళలు చాలాసార్లు చెప్పారు. వీధి దీపాలు చూసే అధికారి ఫైలు తెరిచి, స్తంభం నంబరు చదివి, "ఆ లైటు వెలుగుతోందండీ, మొన్ననే చెక్ చేశారు" అన్నారు. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "వెలుగుతోంది బాబూ, కాదనను. ఆ వెలుగంతా చెట్టు మీదే పడుతోంది. కింద నిలబడ్డ మనిషికి మనిషి కనబడట్లేదు."

ఆ రాత్రే కొందరం వెళ్లి చూశాం. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కొమ్మలు దీపాన్ని నాలుగువైపులా కమ్మేశాయి. ఆకులు మాత్రం నిగనిగా మెరుస్తున్నాయి, కింద బెంచీ దగ్గర చీకటి. స్టాపుకి రోడ్డు వైపున నిలువెత్తు ప్రకటన బోర్డు పెట్టారు, దానివల్ల దారిన పోయే వాళ్లకి బెంచీ మీద ఎవరున్నారో కనబడదు. వెనక ఒక ఖాళీ స్థలం, దాని ప్రహరీ ఒకచోట కూలి మనిషి దూరేంత సందు ఏర్పడింది. సంచి లాక్కున్నవాడు రెండంగలు వేస్తే ఆ సందులోంచి అవతలి వీధిలో తేలతాడు. అక్కడ నిలబడి చూస్తే ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇందులో ఏ శాఖనీ నిందించలేం, అదే అసలు చిక్కు. దీపాల వాళ్లు దీపం చూశారు. చెట్టు ఉద్యానవనాల విభాగానిది, వాళ్ల లెక్కలో చెట్టు ఆరోగ్యంగా ఉంది. బోర్డు బస్సుల వాళ్లు కాంట్రాక్టుకిచ్చినది. స్థలం ఊళ్లో లేని యజమానిది. పోలీసుల దగ్గర కంప్లైంట్లు ఉన్నాయిగానీ, ప్రతిదాంట్లోనూ జరిగిన చోటు అన్న గడిలో పెద్ద రోడ్డు పేరే రాశారు. అంచేత మ్యాపు మీద అవి కిలోమీటర్ల పొడవునా చెల్లాచెదురుగా కనిపించాయి. ఎవరికి వారే యమునా తీరే. అందరి రికార్డులూ సరిగ్గానే ఉన్నాయి, ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి తప్ప.

కొమ్మలు కొట్టించడం సులువుగానే అయింది. బోర్డు తీయించడానికి ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. గోడ అన్నిటికన్నా ఆలస్యం, యజమానికి నోటీసు చేర్చడమే ఒక యజ్ఞం. ప్రతి మీటింగ్‌లోనూ ఆ మూడు పనులూ ఎజెండాలో మొదటి అంశంగా ఉండాలనీ, ఏ పని ఎవరిది, ఏ తేదీకి అన్నది మినిట్స్‌లో రాయాలనీ పట్టుబట్టాం. కొందరు విసుక్కున్నారు. 'నగర భద్రత అంటే ఒక చెట్టు కొమ్మా?' అని అడిగారు. అవును, ఆ చోట భద్రత అంటే ఆ చెట్టు కొమ్మే. ఆ స్టాపు వదిలేసి తర్వాతి స్టాపు దాకా నడిచి బస్సెక్కే ఆడవాళ్లు ఇప్పుడు మళ్లీ అక్కడే ఎక్కుతున్నారు. ఒక కమిటీకి ఇంతకన్నా గట్టి ఫలితం ఇంకేం కావాలో నాకు తెలియదు.

బ్రిటన్ ఈ సమన్వయాన్ని మంచితనానికి వదిలెయ్యకుండా చట్టంలో పెట్టింది. 1998లో వచ్చిన నేరాలు, అలజడుల చట్టం ప్రకారం స్థానిక పాలకమండలి, పోలీసులు కలిసి తమ ప్రాంతంలో ఏం జరుగుతోందో పరిశీలించి, ఉమ్మడిగా వ్యూహం తయారుచెయ్యాలి. అదే చట్టంలోని 17వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. పాలకమండలి ఏ పని చేసినా అది నేరం మీద చూపే ప్రభావాన్ని దృష్టిలో పెట్టుకోవాలంది. అంటే చెట్లు కొట్టే విభాగం, ఇళ్లు కట్టే విభాగం, పార్కుల విభాగం, ఎవరూ ఇది మా పని కాదని చేతులు దులుపుకోవడానికి లేదు. చట్టం ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా నడుస్తుందని అనను. కానీ కమిటీ అడిగినప్పుడు రాక తప్పదన్న నియమం లేకపోతే, ముఖ్యమైన శాఖలు జూనియర్ గుమాస్తాని పంపించి ఊరుకుంటాయి. ఇది నేను చూస్తున్నదే.

ఇక ఇళ్ల దొంగతనాలు. దీని మీద ప్రతి కమిటీ చదవాల్సిన అనుభవం ఒకటుంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర రోచ్‌డేల్ అనే పట్టణం, అందులో కిర్క్‌హోల్ట్ అనే ప్రభుత్వ గృహాల కాలనీ. రెండువేలకి పైగా ఇళ్లు. 1980ల మధ్యలో అక్కడ దొంగతనాలు విపరీతంగా ఉండేవి. పోలీసులు, ప్రొబేషన్ ఉద్యోగులు (శిక్షపడి జైలు బయట ఉన్నవాళ్లని కనిపెట్టుకునే అధికారులు), పరిశోధకులు కలిసి పని మొదలుపెట్టారు. కాలనీ అంతటికీ తాళాలు పంచి, పోస్టర్లు అంటించి వెళ్లిపోలేదు. ముందు అడిగి తెలుసుకున్నారు. దొంగలు పడ్డ ఇళ్లవాళ్లని అడిగారు, ఇరుగుపొరుగుని అడిగారు, పట్టుబడి శిక్షపడ్డ దొంగలని కూడా కూర్చోబెట్టి అడిగారు.

రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఒకసారి దొంగతనం జరిగిన ఇంట్లో మళ్లీ జరిగే అవకాశం మిగతా ఇళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. ఎక్కణ్ణుంచి దూరాలో, ఏది ఎక్కడుందో, ఇంట్లో ఎప్పుడు ఎవరుండరో వాడికి తెలిసిపోయింది. పోయిన వస్తువుల స్థానంలో కొత్తవి వస్తాయనీ తెలుసు. రెండోది నాకు ఇంకా నచ్చిన వివరం. ఆ ఇళ్లల్లో చాలావాటిలో గ్యాసుకీ, కరెంటుకీ నాణేలు వేసే మీటర్లు ఉండేవి. అంటే ప్రతి ఇంట్లోనూ గోడకి ఒక డబ్బుపెట్టె తగిలించి ఉన్నట్టే! చాలా దొంగతనాల్లో పోయింది ఆ మీటర్లోని నాణేలే. పెట్టింది ఇంటివాళ్లు కాదు, గ్యాసు, కరెంటు సరఫరా చేసేవాళ్లు.

అప్పుడు చేసిన పని ఇది. దొంగతనం జరిగిన ఇంటికి వెంటనే వెళ్లి తలుపులు, కిటికీలు గట్టిచేశారు. నాణేల మీటర్లు తీయించి వేరే పద్ధతి పెట్టించారు. ఆ ఇంటికి ఆనుకుని ఉన్న ఐదారు ఇళ్లవాళ్లని మాత్రమే కలిసి, కొన్నాళ్లపాటు ఆ ఇంటి మీద ఒక కన్నేసి ఉంచమని అడిగారు. కాలనీ మొత్తాన్నీ కాపలా కాయమంటే ఎవరూ కాయరు. పక్కింటిని చూడమంటే చూస్తారు. మూడేళ్లలో దొంగతనాలు 75 శాతం తగ్గాయి.

మన కమిటీలు సాధారణంగా ఏం చేస్తాయి? దొంగతనం జరిగిన కొన్నాళ్లకి ఒక అవగాహన సదస్సు పెడతాయి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎప్పుడూ దొంగతనం జరగని ఇళ్లవాళ్లే. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అంటారే, అచ్చం అలా. మళ్లీ జరిగే ముప్పు మొదటి వారాల్లోనే ఎక్కువ, పక్క ఇళ్లకి కూడా ఆ కొద్ది వారాలూ ముప్పే. కమిటీ దగ్గర డబ్బు తక్కువుంటే ఆ డబ్బంతా ఆ వారాల్లో, ఆ గుమ్మాల ముందే ఖర్చుకావాలి.

మళ్లీ మళ్లీ దెబ్బతినడం అన్నది అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇంటి నాలుగు గోడల మధ్య జరిగే హింసలో. కమిటీలు దాన్ని 'ఇంటి గొడవలు' అని పక్కన పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఒకే ఇంటి నుంచి పోలీసులకి పదే పదే ఫోన్ వస్తుంటే, అది ఆ వీధిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. బ్యాగు లాక్కున్నవాడి గురించి గంట మాట్లాడే కమిటీ ఈ ఇంటి గురించి నోరు మెదపకపోతే, అది ఎవరి భద్రత కోసం కూర్చున్నట్టు? ఇలాంటి ఇళ్ల వివరాలు మీటింగ్‌లో చదవకూడదు, అది ఆ స్త్రీకే ప్రమాదం. కానీ రెండోసారి ఫోన్ వచ్చిన ఇంటికి ఎవరు వెళ్తున్నారు, ఆశ్రయం చూపే సంస్థకి కబురు అందుతోందా లేదా అన్నది కమిటీ అడగాల్సిందే.

ఖాళీ స్థలాలు, దీపాల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. ఫిలడెల్ఫియాలో 541 పాడుబడ్డ ఖాళీ స్థలాలు తీసుకుని, కొన్నిటిలో చెత్త ఎత్తేసి, నేల చదునుచేసి, గడ్డి వేసి, నాలుగు మొక్కలు నాటి, లోపలికి వెళ్లే వీలుండేలా పొట్టి కంచె కట్టారు. పేదరికం ఎక్కువున్న పేటల్లో ఆ చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018లో ప్రచురించారు. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నిటిని చీటీ తీసినట్టు ఎంపికచేసి పెద్ద పెద్ద దీపాలు పెడితే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. గడ్డీ, దీపాలూ! వీటికి ఎవరి మీదా అనుమానపడక్కర్లేదు, ఎవరినీ ఆపి సోదా చెయ్యక్కర్లేదు.

కెమెరాల మీద నాకు ద్వేషం లేదు. 40 ఏళ్ల పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2019లో వచ్చింది. కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయని అందులో తేలింది. ఎక్కువ లాభం కార్ పార్కింగుల్లో. హింసాత్మక నేరాల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. ఎవరో ఒకరు కూర్చుని చూస్తూ, అవసరమైతే వెంటనే మనిషిని పంపే ఏర్పాటున్న చోట ఫలితం మెరుగు. చూసేవాళ్లు లేని కెమెరా జరిగిపోయినదాన్ని రికార్డు చేస్తుంది, అంతే. కొన్నప్పుడు ఫొటోలు దిగి, ఏడాది తిరక్కుండానే సగం పనిచెయ్యడం మానేసినా ఎవరూ అడగని కెమెరాల కన్నా, ఆ డబ్బుతో దీపాలు కొంటాను నేను.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. పొరుగు కాపలా బృందాలు పెట్టి, కొత్త ముఖం కనబడితే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం భద్రత అనుకునేవాళ్లు పెరుగుతున్నారు. 2012 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం శాన్‌ఫర్డ్‌లో ఒక గేటెడ్ కాలనీలో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల కుర్రాడు దుకాణానికి వెళ్లి, ఆ కాలనీలో తాను ఉంటున్న ఇంటికి తిరిగొస్తున్నాడు. చేతిలో ఆయుధమేమీ లేదు. పొరుగు కాపలా వాలంటీరు ఒకతను అనుమానపడి పోలీసులకి ఫోన్ చేశాడు. వెంబడించక్కర్లేదని ఫోన్లో చెప్పారు. అయినా కాసేపట్లో ఆ కుర్రాడు ఆ వాలంటీరు తుపాకీ గుండుకి చనిపోయాడు. వాలంటీరుని 2013లో కోర్టు నిర్దోషిగా వదిలేసింది. కోర్టు తీర్పు ఏదైనా, ఆ కుర్రాడి ప్రాణం పోయింది, ఆ కాలనీ భద్రత పేరు మీదే పోయింది.

అంచేత ఏ కమిటీ అయినా కాపలా బృందం పెట్టేముందు ఒక నియమం రాసిపెట్టుకోవాలి. మనిషి ఎలా ఉన్నాడన్నది ఫిర్యాదు కాదు. ఏం చేశాడన్నదే ఫిర్యాదు. 'కారు తలుపులు ఒక్కొక్కటే లాగి చూస్తున్నాడు' అని రాయొచ్చు. 'మన వీధివాడిలా లేడు' అని రాయకూడదు. వెంబడించకూడదు, ఆపకూడదు, ఫొటో గ్రూపులో పెట్టకూడదు. ఈ నియమం ఒప్పుకోనివాళ్లని బృందంలోకి తీసుకోకూడదు, ఎంత పలుకుబడి ఉన్నవాళ్లైనా సరే.

నిజానికి ఇరుగుపొరుగు బలం అనుమానంలో లేదు. షికాగోలో 343 ప్రాంతాల్లో ఎనిమిదివేల మందికి పైగా మనుషుల్ని అడిగి చేసిన పరిశోధన 1997లో వెలువడింది. అడిగిన ప్రశ్నలు చాలా మామూలువి. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూల నిలబడితే మీ ఇరుగుపొరుగు కలగజేసుకుంటారా? ఎవరైనా గోడల మీద రాతలు రాస్తుంటే? మీ ఇంటి ముందు కొట్లాట జరిగితే? దగ్గర్లోని ఫైర్ స్టేషన్ మూసేస్తామంటే? 'కలగజేసుకుంటారు', 'ఒకరినొకరు నమ్ముతారు' అని జవాబొచ్చిన చోట్ల హింస తక్కువగా ఉంది. పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. పిల్లవాణ్ణి చూసి 'ఏరా, బడికి పోలేదేం?' అని అడగ్గలిగే వీధికీ, ఫొటో తీసి గ్రూపులో పెట్టే వీధికీ చాలా దూరం ఉంది.

కమిటీలో ఎవరు కూర్చోవాలన్నది కూడా ఇందుకే ముఖ్యం. షికాగో పోలీసులు 1993 నుంచి బీట్ మీటింగులు పెట్టారు. ప్రతి బీట్‌లోనూ పోలీసులు, జనం ఎదురెదురుగా కూర్చుని సమస్యలు రాసుకునేవారు. మంచి పని, నేరాలు ఎక్కువున్న చోట్ల జనం బాగానే వచ్చారు కూడా. కానీ వచ్చినవాళ్లలో సొంత ఇళ్లవాళ్లు, వయసులో పెద్దవాళ్లు ఎక్కువ. అద్దెకుండే వాళ్లు, కుర్రాళ్లు, స్పానిష్ మాట్లాడే కుటుంబాలు తక్కువ. ప్రతిచోటా ఇదే జరుగుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా నడిచొచ్చే మనిషి సాయంత్రం ఆరింటి మీటింగుకి ఎలా వస్తాడు? పోలీసులు మాటిమాటికీ ఆపి అడిగే కుర్రాడు, అదే పోలీసులున్న గదిలోకి వచ్చి మాట్లాడతాడా? వాళ్లు రాలేకపోతే కమిటీయే వెళ్లాలి. డ్యూటీ దిగే వేళకి, వాళ్లు నిలబడే చోటుకి.

'ఇక్కడ సరిచేస్తే దొంగలు పక్క వీధికి పోతారు, అంతేగా' అని ప్రతి మీటింగ్‌లోనూ ఒకరైనా అంటారు. కొంత నిజమే. కానీ 102 కార్యక్రమాల ఫలితాల్ని పరిశీలించిన సమీక్ష ఒకటి 2009లో వచ్చింది. నేరం పక్కకి జరిగిన దాఖలాలు అందులో పావు వంతు సందర్భాల్లోనే కనిపించాయి. దాదాపు అంతే సందర్భాల్లో మేలు పక్క వీధులకి కూడా పాకింది. చేతికందే అవకాశం పోతే చాలామంది ఇంకో అవకాశం వెతుక్కుంటూ ఊరంతా తిరగరు.

రెండో అభ్యంతరం బరువైనది. నేరానికి మూలం పేదరికం, నిరుద్యోగం. కొమ్మలు కొట్టి, దీపాలు పెట్టి ఏం సాధిస్తారు అని. మూలం గురించి వాళ్లు చెప్పేది నేను ఒప్పుకుంటాను. అయితే మూలం మారేదాకా ఆ బెంచీ మీద కూర్చున్న మనిషిని ఆగమనలేం. దెబ్బతినేది కూడా ఎక్కువగా పేదవాళ్లే, కిర్క్‌హోల్ట్ అందుకు సాక్ష్యం. పైగా ఈ రెంటి మధ్యా దారి ఉంది. అమెరికాలో 264 నగరాల్ని ఇరవై ఏళ్లకి పైగా పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ఒకటి చెప్తోంది: పిల్లల చదువు, ఉపాధి శిక్షణ, పేట బాగుచెయ్యడం వంటి పనులు చేసే స్థానిక స్వచ్ఛంద సంస్థలు లక్ష జనాభాకి పది పెరిగిన చోట హత్యల రేటు 9 శాతం తగ్గింది. నగరం భద్రతకని తీసిన డబ్బులో ఇలాంటి సంస్థలకీ వాటా ఉండాలి. పోలీసులకిచ్చే దానికి ఎవరూ రుజువులు అడగరు, వీళ్లని మాత్రం పైసా పైసాకీ రసీదు అడుగుతారు.

చివరికి లెక్కలు. ఏడాది తిరిగేసరికి నేరాలు తగ్గాయా అని పై నుంచి అడుగుతారు. కమిటీ నిజంగా పనిచేస్తే మొదట కంప్లైంట్లు పెరుగుతాయి, తగ్గవు. అమెరికాలో 1973 నుంచి ఏటా బాధితుల సర్వే జరుగుతోంది. హింసాత్మక నేరాల్లో దాదాపు సగం పోలీసుల దాకా రావడమే లేదని అందులో కనిపిస్తుంది. నమ్మకం కుదిరితే ఆ సగంలో కొందరు నోరు విప్పుతారు. ఆ ఏడాది అంకె చూసి కమిటీ విఫలమైందని రద్దుచేస్తే అంతకన్నా అన్యాయం ఉండదు. భయం వేరు, నేరం వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి. 1970ల చివర్లో న్యూవార్క్‌లో పోలీసుల్ని కాలినడకన తిప్పితే నేరాలు తగ్గలేదుగానీ జనం భయం తగ్గింది. ధైర్యంగా బయటికి రావడం కూడా ఫలితమే, దాన్ని విడిగా కొలవాలి. ఏడాదికోసారి ఇళ్లకెళ్లి అడగాలి: గత ఏడాది మీకేం జరిగింది? పోలీసులకి చెప్పారా? చెప్పకపోతే ఎందుకు? చీకటి పడ్డాక ఏ దారిలో వెళ్లడం మానేశారు?

మీ నగరంలో ఇలాంటి కమిటీ కొత్తగా పడితే మొదటి మీటింగ్‌కి వెళ్లండి. పోలీసుల్ని రెండు వివరాలు అడగండి. రెండేళ్లలో ఒకటికి మించి కంప్లైంట్లు వచ్చిన వీధి ముక్కలు ఏవి? ఒకసారి దొంగతనం జరిగిన ఇంటికి తర్వాతి వారంలో ఎవరైనా వెళ్తున్నారా? ఇళ్ల నంబర్లు బయటపెట్టమనకండి, వీధి ముక్కలు చాలు. జవాబు వస్తే పది చోట్లు రాసుకుని, ఒక్కో చోటికి రాత్రిపూట అన్ని శాఖల వాళ్లనీ వెంటబెట్టుకుని వెళ్లండి. జవాబు రాకపోతే అదే ప్రశ్నని తర్వాతి మీటింగ్ ఎజెండాలో మొదటి అంశంగా పెట్టించి, మినిట్స్‌లో రాయించండి.